బడబాగ్ని వాకిట హెడ్మాస్టరు

మనుష్యునకు అన్నము, నీరు, గాలి యను మూడింటితోపాటు మర్యాద యనునది నాలుగవ ప్రాణాధారమనియు, ఇది కొఱవడినచో తక్కిన మూడును వంటబట్టవనియు నా చిరకాల విశ్వాసము. ఈ విశ్వాసము నాకు ఊరక కలిగినది కాదు. ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయుడనుగా ప్రవేశించి ప్రధానోపాధ్యాయుడనుగా విరమించునంతవఱకు, నేను గుమ్మము దాటి తరగతిలో అడుగిడినప్పుడెల్ల బెంచీలు కిఱ్ఱుమన పిల్లలందఱు దిగ్గున లేచి నిలుచుండుటయు, నేను తలయూపిన పిమ్మటగాని కూర్చుండకుండుటయు చూచి చూచి, లోకమనగా నన్ను చూచి లేచి నిలుచుండునట్టి పదార్థమని నా మనస్సున స్థిరపడిపోయినది. ఉద్యోగము వీడిన తరువాతను ఈ సిద్ధాంతమునకు పెద్దగా భంగము రాలేదు. ఏలయన, బస్సులోనైనను, బ్యాంకులోనైనను, కడకు కిరాణా కొట్టులోనైనను, "నమస్కారమండీ మేష్టారూ" అని చోటిచ్చు పాత శిష్యుడొకడు మా గోదావరి జిల్లాలలో ఎచ్చటనో తగులకపోడు. ఇట్టి నన్ను, చీమంతయు లెక్కచేయని ప్రాణికోటి నడుమకు సొంత ఖర్చు మీద కొనిపోయి విడిచినవాడు పరాయివాడు కాడు, నా కన్నకొడుకే.

ఆ ప్రదేశము గాలపగోస్ ద్వీపములు. దక్షిణ అమెరికాలోని ఈక్వడార్ దేశపు తీరమునకు పడమటగా సుమారు 1000 కిలోమీటర్ల దూరమున, పసిఫిక్ మహాసముద్రము నడుమ, భూమధ్యరేఖకు అటునిటు చెదరియున్న ఈ దీవులన్నియు అగ్నిపర్వతముల సంతానమే. సముద్రగర్భమున బడబాగ్ని యున్నదని మన పూర్వులు చెప్పినప్పుడు నవ్విన ఇంగ్లీషు చదువుల వారు ఒక్కమాఱు ఇటు వచ్చి చూడవలెను. పర్వతములకు పూర్వము ఱెక్కలుండెడివనియు, ఇంద్రుడు వజ్రాయుధముతో వానిని నఱకగా మైనాకు డొక్కడు సముద్రమున దాగి బ్రదికెననియు మనము విన్నదే గదా. ఇచ్చటి పర్వతములు నేటికిని ప్రయాణము మానలేదు. భూమి లోతున ఒకచోట కొలిమి రగులుచుండగా, దానిమీద నాస్కా యను భూఫలకము ఏటికి అయిదాఱు సెంటీమీటర్ల చొప్పున తూర్పునకు జరుగుచుండుననియు, కొలిమిమీదికి వచ్చిన చోటనెల్ల లావా పైకుబికి ఒక దీవి పుట్టుననియు, పుట్టిన దీవి ఫలకముతోపాటు మెల్లగా తూర్పునకు తరలి చల్లారి అరిగి కడకు మఱల సముద్రమున మునుగుననియు భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పుదురు. కావున తూర్పుననున్న ఎస్పన్యోలా, సాన్ క్రిస్తోబల్ దీవులు ముప్పది నలుబది లక్షల యేండ్ల ముదుసళ్లు. పడమటి కొననున్న ఇసబేలా, ఫెర్నాండినాలు పది లక్షల యేండ్లైనను నిండని పసివాండ్రు. మేము చూడబోవునది ఈ పసివాండ్రనే.

ఇచ్చట ఒక్క మాట చెప్పక తప్పదు. మాది రాజమహేంద్రవరము. ఆఱున్నర కోట్ల సంవత్సరముల క్రిందట దక్కను పీఠభూమిని ముంచెత్తిన లావా, సహ్యాద్రి ప్రాంతమునుండి వేయి కిలోమీటర్లకు పైగా ప్రవహించి వచ్చి మా కాతేరు, పంగిడి ప్రాంతములందు నల్లరాయియై గడ్డకట్టినది. అనగా లావా విషయమున మేము పాతకాపులము. ఈ సంగతి నౌకలోని తోటి ప్రయాణికులకు తెలియజేయుట నా విధి యని తలచి, రాత్రి భోజనముల వేళ లేచి నిలుచుండి కొంత ప్రసంగించితిని. జర్మనీ దేశపు దంపతులొకరు మర్యాదగా తలయూపిరి. మా అబ్బాయి మాత్రము, "నాన్నగారూ, సూపు చల్లారిపోతోంది" అనెను.

మర్యాదకు తొలిదెబ్బ విమానాశ్రయముననే తగిలినది. ఈ దీవులకు పోవువారి సామానులను విప్పి, పండ్లు, విత్తనములు, పచ్చి ఆకులు, మట్టి మొదలైనవి ఏమైన నున్నవేమో యని శోధింతురు. మా కోడలు తన యింట కుండీలో పెంచిన కరివేపాకును రెండు గుప్పిళ్లు కోసి, తడిగుడ్డలో చుట్టి, నా సహధర్మచారిణి చేతిసంచిలో భద్రపఱచియుండెను. తనిఖీదారు దానిని రెండు వ్రేళ్లతో పైకెత్తి చూచినప్పుడు ఆమె ముఖమున కలిగిన వేదన నే నెన్నడును మఱువజాలను. "ఏమండీ, చెప్పండి అతనికి! మందుమాకూ కొట్టని ఆకు, ఇంటి ఆకు!" అని ఆమె నన్ను ప్రోత్సహించినది. మందు కొట్టని ఆకే వారికి ఎక్కువ భయమని, దానిమీద ఏ పురుగు గ్రుడ్డు పెట్టియున్నదో యని, అబ్బాయి సర్దిచెప్పినాడు. వారి భయమునకు కారణము లేకపోలేదు. పూర్వము ఓడలవారు దిగవిడిచిన మేకలు ఉత్తర ఇసబేలాలో లక్షకు మించి పెరిగి, తాబేళ్లకు గడ్డిపరకయైనను మిగుల్చకుండ మేసివైచినవట; వానిని నిర్మూలించుటకు 1997 మొదలు 2006 వఱకు యజ్ఞము చేయవలసివచ్చినదట; మేకకొకదానికి మెడలో రేడియో కట్టి విడిచి, అది ప్రేమతో పోయి ఏ మందను చేరునో ఆ మందను హెలికాప్టరునుండి కాల్చిరట. మేకలు చేసిన పాపమునకు మా కరివేపాకు ఫలమనుభవించినది.

నౌక చిన్నది. పదునాఱుగురు ప్రయాణికులును, వారిని నడిపించుటకు జాతీయవనమువారి అనుమతి పొందిన మార్గదర్శి యొకరును. మార్గదర్శి లేనిదే మేము చూడబోవు చోట్ల అడుగు పెట్టరాదు. ఒక్క మార్గదర్శికి పదునాఱుగురను మించి యుండరాదు. మాకు లభించిన మార్గదర్శి ఆ దీవులయందే పుట్టిపెరిగిన యువతి; నా దగ్గఱ పదవ తరగతిలో ఉండవలసిన ఈడునకు నాలుగైదేండ్లు ఎక్కువ యుండవచ్చును. ఆమె మమ్ములనందఱను డెక్కుమీద వరుసగా నిలువబెట్టి, ఒక్కొక్కరి నెత్తిమీద వ్రేలు చూపుచు లెక్కపెట్టి, ఏ జంతువునకును రెండు మీటర్లకన్న దగ్గఱకు పోరాదనియు, ముట్టరాదనియు, తినిపించరాదనియు, త్రోవ దాటరాదనియు, దీవిమీద ఒంటికి రెంటికి వసతి లేదు గనుక ఆ పనులు ముందే ముగించుకొనవలెననియు ఆజ్ఞాపించినది. ఈ కడపటి వాక్యమును నా వృత్తి జీవితమున విహారయాత్రలకు ముందు నేనే పిల్లలకు చెప్పుచుంటిని. వరుసలో నిలుచుండి వినుట ఎట్లుండునో అప్పుడు తెలిసినది.

తెల్లవాఱుసరికి నౌక ఫెర్నాండినా చెంత లంగరు వేసియున్నది. ఎదుట, 1400 మీటర్లకు మించిన ఎత్తుతో, నెత్తిన మబ్బు కప్పుకొని, లా కుంబ్రే అగ్నిపర్వతము; ఆ దీవి యనగా ఆ పర్వతమే, వేఱొకటి లేదు. 1968లో దాని శిఖరమునందలి మహాబిలపు అడుగుభాగము దాదాపు 300 మీటర్లు లోనికి కుంగిపోయినది. ఇటీవల 2024 మార్చిలో సయితము ప్రక్క చీలి లావాను కడలివైపునకు విడిచినది. ఇట్టి చరిత్ర గల పెద్దమనిషి గుమ్మమున కాలుపెట్టబోవుచు నేను గాయత్రి జపించుకొనుచుండగా, పంగా యని వారు పిలుచు రబ్బరు పడవలోనికి దిగుమని కేక వచ్చినది. పంగాలోనికి దిగుటలో ఒక శాస్త్రమున్నది: నావికుని అఱచేయి కాక ముంజేయి పట్టుకొనవలెను, అతడును మన ముంజేయి పట్టుకొనును, అల పైకెత్తినప్పుడు కాలు వేయవలెను. నా సహధర్మచారిణి చీరకుచ్చిళ్లు బిగించి, దానిమీద నారింజరంగు లైఫు జాకెట్టు తొడిగికొని, నావికుని ముంజేయి అందుకొని, ఏటిగట్టున పడవ యెక్కి దిగిన పుట్టుక యగుటచే, ఒక్క ఉదుటున దిగి కూర్చున్నది. నన్ను ఇరువురు దింపిరి. దీవిమీద దిగుటలు రెండు విధములు: నీళ్లలోనికి దిగి నడచుట తడి దిగుడు, రాతిమీద దిగుట పొడి దిగుడు. పుంటా ఎస్పినోసా యను ఆ చోట మాకు ప్రాప్తించినది పొడి దిగుడు. దానియందు మోకాళ్లవఱకు తడిసితిమి.

కాలిక్రింద అంతయు లావా. మడతలు పడి, మెలికలు తిరిగి నున్నగా గడ్డకట్టినది కొంత. కత్తుల గుట్టయై నిలిచినది కొంత. దానిమీద లావా జెముడొక్కటి, రెండడుగులకు మించని పొదలుగా, మట్టి యనునది చూడకుండగనే పుట్టి ముండ్లతో బ్రదుకుచున్నది. నీటి యొడ్డున ఎఱ్ఱని పీతలు. వాని నడుమ రాయి నల్లగా నున్నది. ఆ రాయి తుమ్మినది.

నేను నిలువబడిపోయితిని. చూడగా అది రాయి కాదు. ఉడుమంతేసి తొండలు, నల్లనివి, వెన్నున ఱంపపు పండ్లు గలవి, వందలకొలది, పుష్కరముల తొలినాటి తెల్లవాఱుజామున కోటిలింగాల రేవున యాత్రికులు పడియున్న చందమున, ఒకదాని వీపుమీద ఒకటి, దాని తలమీద వేఱొకదాని కాలు, ఎవరి తోక ఎవరిదో తెలియకుండ గుట్టలుగా పడుకొని సూర్యుని కొఱకు నిరీక్షించుచున్నవి. ఇవి సముద్రపు ఇగువానాలు. ప్రపంచమునగల బల్లిజాతులన్నింటిలో కడలిలో మునిగి నాచు మేసి బ్రదుకునవి ఇవి మాత్రమే. చల్లని నీట మునిగివచ్చిన పిమ్మట ఒడలు వేడెక్కువఱకు వానికి కదలిక లేదు. నాచుతోపాటు మ్రింగిన ఉప్పును ముక్కుచెంతనున్న గ్రంథులు వేఱుచేయగా, దానిని అవి చీమిడి ధారలుగా తుమ్మి పాఱవేయును. ఆ ఉప్పు వాని నెత్తిమీదనే పడి తెల్లగా పేరుకొనును. మొదటిది తుమ్మగా రెండవది తుమ్మినది. దానిని చూచి వెనుకనున్న పెద్దది తలయెత్తి, నా వైపు తిరిగి, గురి చూచి తుమ్మగా నా కళ్లజోడు మసకబాఱినది. నా యెదుట చేతిరుమాలు అడ్డుపెట్టుకొనకుండ తుమ్మిన ప్రాణి అంతవఱకు లేదు.

అంతకన్న చిత్రమగు ధర్మసంకటము మఱి నాలుగడుగులలో ఎదురైనది. త్రోవ సన్ననిది, త్రోవ నడుమ ఒక ఇగువానా అడ్డముగా పడుకొనియున్నది. రెండు మీటర్లకన్న దగ్గఱకు పోరాదు గనుక దానిని దాటరాదు. త్రోవ విడువరాదు గనుక చుట్టి పోరాదు. ముట్టరాదు గనుక లేపరాదు. చదువుకొన్నవారము, పన్నులు కట్టువారము, పాసుపోర్టులు గలవారము పదునాఱుగురము ఒక తొండ నిద్ర లేచువఱకు ఎండలో వరుసగా నిలుచుంటిమి. రెండు మీటర్ల నిబంధన మనుష్యులకేగాని జంతువులకు వర్తింపదని మార్గదర్శి చెప్పగా విని, నేను నిలుచున్న చోటునుండి కదలకుండగనే మఱియొక ఇగువానా నా బూటుమీదుగా నడచిపోయినది. తప్పు నాదికాదని ఆమెకు చేతులెత్తి చూపితిని.

ఇందులో నా కొకింత ఊరట లేకపోలేదు. 1835లో బీగిల్ నౌకమీద ఈ దీవులకు వచ్చిన ఇరువదియాఱేండ్ల ఛార్లెస్ డార్విన్, ఈ జంతువులను చూచి రోత చెందినవాడై, ఒక ఇగువానాను నీటి గుంటలోనికి విసరివైచెను. అది ఈదుకొనుచు తిన్నగా అతడు నిలుచున్న చోటికే తిరిగివచ్చినది. మఱల విసరెను, మఱల వచ్చినది. ఎన్నిమాఱులు విసరినను అంతే. దీనికి నేలమీద శత్రువు లేడు, నీటిలో సొఱచేప లున్నవి, కావున ఆపద వచ్చినప్పుడు గట్టే దిక్కని పుట్టుకతో నమ్మినదని ఆయన ఊహించెను. శత్రువు తన్ను విసరుచున్న మనుష్యుడే కావచ్చునను ఊహ మాత్రము దానికి తట్టలేదు. అంతటి మహాశయుని కూడ శత్రువుల పట్టికలో చేర్చుకొనని జంతువు నన్ను హెడ్మాస్టరని గుర్తింపవలెనని కోరుట అత్యాశయే.

ఈ జంతువునకుగల మఱియొక విద్యను చెప్పక ముందుకు సాగలేను. ఎల్ నీన్యో వచ్చిన యేడు సముద్రము వేడెక్కి, అవి తిను నాచు నశించును. అట్టి కఱవులో ఇవి చిక్కిపోవుట మాత్రమే కాదు, పొట్టివగును. ఎముకలతో సహా కుఱుచబాఱును. మార్టిన్ వికెల్‌స్కీ యను శాస్త్రజ్ఞుడును ఆయన తోటి శాస్త్రజ్ఞురాలును ఏండ్ల తరబడి వీనిని కొలిచి, కొన్ని తమ పొడవులో అయిదవ వంతువఱకు తగ్గి, మంచి కాలము రాగానే మఱల పెరిగినవని 2000లో ప్రకటించిరి. ధరలు పెరిగిన నెలలో ఇంటిల్లిపాదియు అయిదవవంతు కుదించుకొనిపోవు విద్య మనకు అబ్బియున్నచో పింఛనుదార్ల సంఘములకు అర్జీలు వ్రాయు పని తప్పియుండెడిది.

రాతి కొనమీద ఱెక్కలు చాచుకొని నిలుచున్న నీరుకాకులను చూచి నా సహధర్మచారిణి, "ఇవి మన కొల్లేటివేనండీ" అన్నది. బంధువులే కాని అవి కావు. కొల్లేటి నీరుకాకి ఎగురును, ఇది ఎగురదు. తఱుమువా డెవ్వడును లేని దీవిలో, తిండి యంతయు నీటియడుగున దొరకుచుండగా, ఎగురుట యను వృథా వ్యయమును తరతరములుగా తగ్గించుకొని వచ్చి, కడకు ఆ శరీరమునకు మూడవవంతుకు సరిపడు చింపిఱెక్కలు మిగుల్చుకొన్నది. పర్వతముల ఱెక్కలను ఇంద్రుడు నఱకవలసివచ్చెను. ఈ పక్షి తనంత తానే రాజీనామా యిచ్చినది. ఎగురలేకున్నను చాచి ఆరబెట్టుట మాత్రము మానలేదు. పదవి పోయినను కండువా మడతలు సవరించుకొనువారిని మనము చూచుట లేదా? ఈ జాతి ఫెర్నాండినాయందును, ఇసబేలా పడమటి, ఉత్తర తీరములందును తప్ప లోకమున మఱెక్కడను లేదు.

మేము చూచుచుండగా ఒక పక్షి సముద్రమునుండి గట్టెక్కి, ముక్కున నాచుతీగెను వ్రేలాడదీసికొని, తడబడు నడకతో పోయి, గూటిలో పొదుగుచున్న దానికి అందించినది. అది అందుకొని, అటు త్రిప్పి యిటు త్రిప్పి పరీక్షించి, గూటి యంచున సర్దినది. గూటికి మరలివచ్చు పక్షి ఏదో యొక కానుక తేకుండ రాదని మార్గదర్శి వివరించుచుండగా నా సహధర్మచారిణి నా చేతులవైపు చూచినది. "ఎంత చదువు లేని పక్షీ, వట్టి చేతులతో ఇంటికి రాదు, చూశారా!" ఆ పక్షి కాపురములోని మఱియొక రహస్యమును కూడ మార్గదర్శి అప్పుడే చెప్పుట నాకు దైవసాహాయ్యమైనది: పిల్లలు కొంత పెరిగిన పిమ్మట వానిని పోషించు భారము మగపక్షికి విడిచి, ఆడపక్షి తఱచు వేఱొక మగనితో క్రొత్త కాపురము పెట్టును. ఆ మీదట మా యింటిది ఆ పక్షిని మెచ్చుకొనలేదు.

ఈ ఫెర్నాండినా తాబేలు సంగతి వినిన తరువాత పెండ్లిసంబంధముల కాలయాపనను గుఱించి ఎవ్వరును ఫిర్యాదు చేయరు. ఈ దీవికి ప్రత్యేకమగు భూమితాబేలు జాతిలో 1906లో ఒక మగది దొరకగా దానిని చంపి మ్యూజియమునకు పంపిరి. ఆ జాతి అంతరించినదని అందఱును విడిచివేసిరి. 2019లో లావా నడుమ ఒక ఆడది కనబడినది. పరీక్షింపగా అదే జాతి. సంబంధము అన్నివిధములను కుదిరినది గాని 113 ఏండ్లు ఆలస్యమైనది. ఆమెకు ఫెర్నాండ యని పేరిడి సాంతా క్రూస్ దీవిలోని పోషణకేంద్రమున నుంచి, వరుని కొఱకు ఇంకను వెదకుచున్నారు.

మధ్యాహ్నము సముద్రమున మునిగి చూచు కార్యక్రమము. ఇందులకు తొడుగవలసిన రబ్బరు చొక్కాలాగును గుఱించి నేను ప్రత్యేకముగ వ్రాయవలసియున్నది గాని, అది ఎక్కించుటలో నాకు సాయపడిన అబ్బాయియు, వంటవాడును మర్యాదస్థులు గనుక ఆ ఇరువది నిమిషముల వృత్తాంతమును మూసియుంచుట న్యాయము. భూమధ్యరేఖ చెంత నీరు వెచ్చగా నుండునని భూగోళము చెప్పినవాడను. పంగా యంచునుండి వెనుకకు ఒరిగి పడినంతనే నా భూగోళమంతయు గొంతునకు అడ్డుపడినది. సముద్రపు పైనీటికి అడుగున, పడమటినుండి తూర్పునకు, వేల కిలోమీటర్ల పొడవున ఒక చల్లని ప్రవాహము వచ్చుచుండును. 1952లో దానిని కనుగొన్న టౌన్‌సెండ్ క్రామ్‌వెల్ పేరనే క్రామ్‌వెల్ ప్రవాహమందురు. అది వచ్చివచ్చి ఈ పడమటి దీవుల పునాదులకు కొట్టుకొని పైకెగదన్ని, లోతులనుండి పోషకములను మోసికొని వచ్చును. దానితో నాచు, నాచుతో చేప, చేపతో పక్షి, తిమింగలము. ఈ భోజనపంక్తికంతకును మూలమైన చల్లదనము నా వెన్నుపూసల నడుమనుండియే పోవుచున్నదని నాకు తోచినది.

చల్లదనమును మఱపించినది ఒక తాబేలు. బల్లంత వెడల్పున, రాతికి పట్టిన పచ్చిక మేయుచు, ఒక్కమాఱు తలయెత్తి చూచి, మఱల మేతకు దిగినది. మా తీరమున గ్రుడ్లు పెట్టవచ్చు ఆలివ్ రిడ్లే తాబేళ్లను ఇసుకమీద చచ్చిపడియుండగా చూచితినిగాని నీటిలో నెమ్మదిగా బ్రదుకుచుండగా చూచుట అదే; ఆ కొంతసేపును నేను ఎవరు లేవలేదో, ఎవరు నిలువలేదో యను లెక్కనే మఱచితిని. అంతలో మూరెడెత్తు పెంగ్విను ఒకటి, నా ముక్కునకు ముందునుండి, వీపున వెండిబుడగలు రాలుచుండగా దూసికొనిపోయినది. పెంగ్విన్లనగా మంచు దేశపు పక్షులని పాఠము చెప్పించుకొన్న తరముల పిల్లలందఱ పక్షమున నేను నోరు తెఱచితిని. ఉప్పునీరు లోనికి పోయినది. పెంగ్విన్లలో భూమధ్యరేఖకు ఉత్తరమున కాపురముండు జాతి ఇదొక్కటే. ఇసబేలా ఉత్తరపు కొన ఆ రేఖను దాటియుండుట వలన దానికి ఆ ఖ్యాతి దక్కినది. ఎండ ముదిరినప్పుడు అది తన కాళ్లు మాడకుండ ఱెక్కలు ముందునకు వంచి నీడపట్టుకొనునట. ఇక సముద్రసింహపు పిల్లలు రెండు నా కాలికి తొడిగిన ఈత ఱెక్కను కఱచి లాగి, నేను తిరిగి చూచునంతలో తప్పించుకొని, మఱల వచ్చి లాగినవి. వెనుకబెంచీ విద్యార్థులు ఏ జాతియందు పుట్టినను ఒక్కటే. నా ప్రసిద్ధమగు క్రూరదృష్టిని వానిమీద ప్రయోగించితిని. ముక్కు మీది గాజు గిన్నెలో అది ఫలింపలేదు.

నౌక ఫెర్నాండినా, ఇసబేలాల నడుమనున్న బొలీవర్ జలసంధిలో సాగుచుండగా తిమింగలముల వేట, అనగా కన్నులతో వేట, మొదలైనది. మార్గదర్శి ముందుభాగమున నిలుచుండి, "రెండు గంటలు! రెండు గంటలు!" అని అఱచినది. నా సహధర్మచారిణి చేతి గడియారము చూచుకొని, "ఇప్పుడు నాలుగు కావస్తూంటే రెండంటుందేమిటి, పాపం గడియారం ఆగిపోయినట్టుంది" అన్నది. ఓడ ముక్కును పండ్రెండుగా నెంచి, గడియారపు ముఖముగా దిక్కులు చెప్పుట ఓడవారి రివాజని అబ్బాయి వివరించునప్పటికి, రెండు గంటలకు లేచిన తిమింగలము మునిగి పది గంటలకు లేచినది. పదునాఱుగురము కుడినుండి ఎడమకు పరుగిడితిమి; అది నాలుగు గంటలకు ఊపిరి విడిచినది. బ్రైడ్స్ జాతి తిమింగలమట. నా వఱకు అది ఒక నీటితుంపరయు, నల్లని వీపున వంకరబొడిపెయు. గడియారము చూచుకొనుచు కూర్చున్నచోటనే కూర్చున్న మా యింటిది మాత్రము, ఎవరును లేని ఆఱు గంటల దిక్కున అది పూర్తిగా పైకిలేచుట చూచినది. "ఎంత పెద్దదండీ! దాని నోట్లో మన వీధి పడుతుంది" అని రాత్రివఱకు చెప్పుచునేయుండెను. దానికి సాక్షులు లేరు గనుక ఖండింప వీలు లేకపోయినది.

సాయంకాలము ఇసబేలాలోని టాగస్ కోవ్ ప్రవేశించితిమి. తాబేళ్ల మాంసమునకై 1814లో వచ్చిన బ్రిటిషు యుద్ధనౌక పేర వెలసిన రేవు అది. దాని కొండచఱియలమీద ఓడలవారు తమ నౌకల పేర్లను, సంవత్సరములను రాతిలో చెక్కియు, సున్నముతో, రంగుతో పెద్దపెద్ద అక్షరములుగా వ్రాసియు నింపివైచిరి. 1836 నాటి వ్రాత కూడ అందున్నది. ఇప్పుడట్లు వ్రాయుట నేరము. పాఠశాల బల్లలమీద పేర్లు చెక్కువారిని నేను జరిమానాలతో శిక్షించితినిగాని, ఇచ్చట వెనుకటివారు పాతబడినకొలది నేరము చరిత్రగా మాఱినది. నా పాత శిష్యులలో కొందఱికి క్షమాపణ చెప్పవలెనా యని ఒక్క క్షణము తలంచి, అవసరము లేదని నిశ్చయించుకొంటిని.

ఈ రేవు ప్రాంతముననే డార్విన్ దాహముతో దుమ్ములో కొండయెక్కి, ఒక అగ్నిబిలము అడుగున తళతళలాడు సరస్సును చూచి, బూడిదలో జాఱుచు పరుగున దిగి దోసిలి పట్టెను, నీరు కాఱుప్పు. అంతకు సరిగా 300 ఏండ్ల ముందు, 1535లో, పనామా బిషప్పు తోమాస్ దె బెర్లంగా ప్రయాణించు ఓడ గాలి లేక ప్రవాహమున కొట్టుకొనివచ్చి ఈ దీవులు చేరగా, త్రాగ నీరు లేక వారు జెముడాకులు నమలి ఆ పసరు మ్రింగిరి. ఇచ్చటి పక్షులు మనుష్యుని చూచి పాఱిపోవు తెలివియైనను లేనివని ఆ మతాచార్యుడు చక్రవర్తికి జాబు వ్రాసికొనెను. ఆ జాబు చదివిన నా కర్థమైనదేమన, అంతటి బిషప్పునకును ఒక్క పక్షి లేచి నిలువలేదు. ఇక నాకేమి లోటు? బిషప్పు, డార్విన్, హెడ్మాస్టరు: వరుస బాగుగనే యున్నది. నౌకకు తిరిగివచ్చి చూడగా, వెనుకభాగమున పంగా దిగు మెట్టుమీద సముద్రసింహ మొకటి అడ్డముగా పడుకొని గుఱ్ఱుపెట్టుచున్నది. దానిని దాటుటకు పడవవాడు చప్పట్లు కొట్టెను, బ్రతిమాలెను. అది ఒక కన్ను తెఱచి, మమ్ము పరిశీలించి, మూసికొన్నది. అది తన యిష్టము వచ్చినప్పుడు నీటిలోనికి దొరలువఱకు మేము పంగాలోనే కూర్చుంటిమి; మా యింటిది మాత్రము, "పోనీలెండి, దానికీ ఇంట్లో ఎవరో ఏదో అని ఉంటారు" అని జాలిపడినది.

పోదలచిన పాఠకులకు నేను చెప్పగలిగినది కొంచెము. మనవంటి విదేశీయులలో పెద్దవారికి వనప్రవేశ రుసుము 2024 ఆగస్టునుండి 200 డాలర్లు, నగదుగా సిద్ధముంచుకొనుడు. జూను మొదలు నవంబరువఱకు పడమటి దీవులచెంత నీరు వణకించునది. ఉన్నిబట్టలును, కడలి త్రిప్పునకు మాత్రలును తీసికొనిపొండు. ఫెర్నాండినా మీది త్రోవలు లావా దయాధర్మమున నున్నవి గనుక నేను వర్ణించిన చోటనే మీకు నేల యుండునని మాట యీయలేను. కరివేపాకును మాత్రము ఇంటివద్దనే యుంచుడు.